బిగింపక్క గిటార్లు

మా అత్త చేసిన ఎలక్ట్రిక్ గిటార్లలో ఒక్కదానికి కూడా ఊపే కడ్డీ ఉండదు. కావాలని ఎవరైనా అడిగితే ముందు వినపడనట్టు ఊరుకునేది. మళ్ళీ అడిగితే, "అవి మెయిన్ రోడ్డు మీద షాపులో దొరుకుతాయి బాబూ. మంచివే. వెళ్ళి తెచ్చుకోండి" అనేది. ఆ తర్వాత కూడా అడగాలని ఎవరికైనా ఉన్నా కుదిరేది కాదు. అప్పటికే ఆమె చిత్రిక పట్టడం మొదలుపెట్టేసేది. ఆ చప్పుడులో ఇంక ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు.

ఈ కడ్డీ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. గిటార్ తీగలు పైన బిరడాల దగ్గర మొదలై, మెడ మీదుగా దిగి, కింద ఒంటి మీద ఒక ఇనుప పట్టీ దగ్గర ఆగుతాయి. ఆ పట్టీని బ్రిడ్జి అంటారు. అందులో ఒక రకం చెక్కకి మరలు వేసి బిగించేసినది. అది కదలదు. ఇంకో రకం స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. దానికి సన్నటి కడ్డీ ఒకటి తగిలిస్తారు. వాయిస్తూ ఆ కడ్డీని నొక్కితే బ్రిడ్జి వంగి, తీగలన్నీ ఒక్కసారి సడలి, స్వరం జారుతుంది, ఊగుతుంది. ట్రెమొలో అంటారు దాన్ని. వినడానికి భలే ఉంటుంది. మా నాన్నకి అదంటే ప్రాణం. మా అత్తకి అదంటే పడదు. వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు. ఈ ఒక్క విషయం మీద వాళ్ళు జీవితమంతా కొట్టుకున్నారు.

మా తాత తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. కొడుక్కి పని నేర్పాలని ఆయనకి చాలా ఉండేది. కొడుకేమో చేతికిచ్చిన చెక్కని తిరగేసి దరువు వేసేవాడు. కూతురు మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి పక్కన కూర్చునేది. ఆడపిల్లకి ఈ రంపాలెందుకని నానమ్మ గొణిగితే, "ఉండనివ్వవే, వాడికంటే నయం. ఇది చెక్కని కొట్టట్లేదు కదా" అనేవాడట తాత. అలా ఆమె చేతికి ఉలి వచ్చింది. నాన్న ఆమెని సుత్తి అని పిలిచేవాడు. అతిగా వాగి ప్రాణం తీసేవాళ్ళని కదా అందరూ సుత్తి అంటారు. మా అత్తకి సుత్తి చేతిలోనే ఉండేది, నోట్లో ఉండేది కాదు. రోజంతా ఆమె మాట్లాడే మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు మీద ఇంకా చోటు మిగిలేది.

ఆమెకి ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే ఒకాయనతో పెళ్ళయింది. వాళ్ళ మధ్య తగాదాలేమీ రాలేదు. అసలు మాటలే రాలేదు. ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మనుషుల్లా కొన్నేళ్ళు గడిపి, ఒకరి మీద ఒకరికి కోపం కూడా లేకుండానే విడిపోయారు. ట్రంకు పెట్టె పట్టుకుని ఆమె మా గుమ్మంలో నిలబడ్డ రోజు నాకు లీలగా గుర్తుంది. ఎందుకొచ్చావని గానీ, ఎన్నాళ్ళుంటావని గానీ నాన్న అడగలేదు. "తిన్నావా?" అన్నాడు, అంతే. మర్నాడు పొద్దున్నే ఇంటి వెనక రేకుల షెడ్డులోంచి తుప్పు పట్టిన సైకిలూ, విరిగిన కుర్చీలూ, అమ్మ దాచుకున్న ఖాళీ డబ్బాలూ అన్నీ బయట పడేసి, తాత వాడిన పాత బల్లని నలుగురి చేత మోయించుకొచ్చి లోపల వేయించాడు. డబ్బాలు పోయాయని అమ్మ చాలా రోజులు సణిగింది. ఆ తర్వాత తనే ఆ షెడ్డు కిటికీకి పాత దుప్పటి చింపి కర్టెన్ కుట్టింది.

నాన్న పగలు మందుల గోడౌన్‌లో పనిచేసేవాడు. సాయంత్రాలు ఒక పాటల బృందంలో గిటార్ వాయించేవాడు. పెళ్ళిళ్ళు, కాలేజీ వేడుకలు, హోటళ్ళలో శనివారాలు. ఎవరో వాడి అమ్మేసిన ఎర్ర గిటార్ ఒకటి ఉండేది ఆయనకి, ఊపే కడ్డీ ఉన్నది. ఒకసారి వ్యాన్‌లోంచి సామాను దింపుతుంటే అది జారిపడి మెడ విరిగింది. నాన్న దాన్ని తువ్వాలులో చుట్టి, దెబ్బ తగిలిన పిల్లని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టాడు.

"ఏదో ఒకటి చెయ్యి సుత్తీ."

అత్త అంతవరకూ గిటార్‌ని దగ్గరగా చూడలేదు. చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. విరిగిన చోట జిగురు పట్టించి, లోపల గట్టి చెక్క పేడు దించి, బిగించి ఆరబెట్టింది. తీగలెక్కించాక నాన్న మీటి చూసి, ముందుకంటే బాగుందన్నాడు. అది నిజమో, చెల్లెలి మీద ప్రేమో ఆయనకే తెలియాలి. అత్త మాత్రం నిజమనే అనుకుంది. ఆ మర్నాటి నుంచి చెక్కల్ని వేరే కళ్ళతో చూడటం మొదలుపెట్టింది.

తన మొదటి గిటార్‌ని తలుపు చట్రాలకి మిగిలిన టేకుతో చేసింది. నాన్న దాన్ని మెడలో తగిలించుకుని, "ఇది గిటారా, గుమ్మమా? పాట అయ్యేలోగా నేను పొట్టివాణ్ణైపోతాను" అన్నాడు. ఆమె తేలిక చెక్క కోసం కలప డిపోలన్నీ తిరిగింది. కొన్ని చేశాక చేతికి అది పట్టుబడింది. వాయించేవాళ్ళ మధ్య పేరు పాకింది. అన్నిటికీ బ్రిడ్జి కదలకుండా బిగించేస్తుంది కాబట్టి వాళ్ళు ఆమెకి బిగింపక్క అని పేరు పెట్టారు. ఆమెకి ఆ పేరు నచ్చింది. ఎవరైనా ఫోన్ చేస్తే, "ఆఁ, బిగింపక్కనే, చెప్పండి" అనేది.

"అసలు నీకా కడ్డీ మీద పగేంటే?" అని నాన్న వారానికోసారైనా అడిగేవాడు.

"పగేం లేదు. చెక్కని అంతా తొలిచేసి, గుంట తీసి, అందులో స్ప్రింగులు పెట్టి, వాటికి తీగల్ని వేలాడదీస్తే ఇంక చెక్కెందుకు అన్నయ్యా? మంచానికి కట్టుకుని వాయించుకో."

"అది ఊగుతుంది కాబట్టే పాట. మనిషి గొంతు ఊగట్లేదా?"

"గొంతు ఊగొచ్చు. పళ్ళు ఊగకూడదు."

నాన్న నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. అత్త మాత్రం ఆ మాట నవ్వులాటకి అనేది కాదు. బ్రిడ్జి బిగించిన రోజున ఒక్క తీగ మీటి, గిటార్ ఒంటికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని ఆ మోత పూర్తిగా ఆరిపోయేదాకా వినేది. తీగలోని మోత మరల్లోంచి చెక్కలోకి దిగడం ఆమెకి తెలిసేది. స్ప్రింగులుంటే ఆ మోత సగం దారిలోనే పోతుందని ఆమె నమ్మకం. అంతసేపూ ఇంట్లో ఎవరం గిన్నె కూడా కదపకూడదు.

ఒకసారి హోటల్లో వాయిస్తుంటే నాన్న గిటార్‌కి తీగ తెగింది. తేలే బ్రిడ్జితో వచ్చే తంటా అదే. ఒక్క తీగ తెగితే స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగేసి, మిగతావన్నీ శ్రుతి తప్పుతాయి. పాడే ఆవిడ ఒక దారి, గిటార్ ఒక దారి అయింది. తెల్లారి నాన్న మొహం వేలాడేసుకుని టిఫిన్‌కి కూర్చున్నాడు. అత్త ఎదురుగా కూర్చుని తలొంచుకుని తింటోంది.

"అనెయ్. నేను చెప్పలా అని అనెయ్" అన్నాడు నాన్న.

"నేనేం అన్లేదు."

"నువ్వు అనకపోతే అన్నట్టే."

అమ్మ మొహం పక్కకి తిప్పుకుని నవ్వు ఆపుకుంది.

ఇదంతా బాగున్న రోజుల మాట.

నేను కాలేజీ చదువు పూర్తి చేసే నాటికి జనం నాన్న వాయింపు గురించి కొత్తగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. మెల్లటి పాటల్లో ఆయన స్వరాలు సన్నగా అదురుతూ ఉండేవి. దుఃఖం గొంతుకి అడ్డం పడ్డ మనిషి పాడుతున్నట్టు ఉండేది. బృందంలో కీబోర్డు వాయించే ఆయన నాన్నకి పాత స్నేహితుడు. ఆయన మా ఇంటికొచ్చినప్పుడు, "గురూ, ఈ మధ్య ఏం ఊపుతున్నావయ్యా! మాకు చెప్పకుండా ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. నాన్న చిన్నగా నవ్వి మాట మార్చాడు.

ఆ రోజుల్లోనే ఒక కాలేజీ వేడుకకి అత్త కూడా వెళ్ళింది. ఎవరిదో గిటార్‌లో వైరు ఊడితే అతికించి పెట్టడానికి పిలిచారు. పని అయ్యాక స్టేజీ పక్కన సామాన్ల మధ్య నిలబడి నాన్న వాయించడం వింటోంది. పాట మెల్లగా సాగుతోంది. స్వరం అదురుతోంది. అలవాటుగా ఆమె కళ్ళు ఆయన చేతి మీదికి వెళ్ళాయి. కడ్డీ లేదు. ఊడదీసిన కడ్డీ ఆమె కాళ్ళ దగ్గర తెరిచి ఉన్న గిటార్ పెట్టెలో పడి ఉంది. అయినా స్వరం ఊగుతూనే ఉంది.

అప్పుడు చూసిందామె. వాయించేవాళ్ళు కుడి అరచేతి అంచుని బ్రిడ్జి మీద ఆనించి పెట్టుకుంటారు. నాన్న అరచెయ్యి వణుకుతోంది. ఆ వణుకు స్ప్రింగుల మీద తేలుతున్న బ్రిడ్జికి అందుతోంది. బ్రిడ్జి నుంచి తీగలకి. జనం విని మెచ్చుకుంటున్నది ఆ వణుకునే. పాట అయ్యింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. అత్త కొట్టలేదు.

మర్నాడు పొద్దున్న నాన్నని షెడ్డులోకి పిలిచింది. నేను కాఫీ ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"అన్నయ్యా, చెయ్యి చాపు."

నాన్న చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "చలిగా ఉందే."

"ఇంత ఎండలో చలేంటి? చాపు."

ఆయన బల్ల మీద చెయ్యి పెట్టాడు. పక్కనే రేకు మూతలో మరలు పోసి ఉన్నాయి. అవి గలగలమనడం మొదలుపెట్టాయి. ముగ్గురం ఆ మూత వైపే చూస్తూ ఉండిపోయాం.

"ఎప్పట్నుంచి?" అంది అత్త.

"తెలీదు. జనానికి నచ్చుతోందిగా. ఊరుకున్నాను."

"వదినకి తెలుసా?"

"చెప్పకు."

"నాకు అబద్ధాలు రావు."

"అబద్ధం ఎవడాడమన్నాడు? నువ్వెలాగూ మాట్లాడవుగా. అలాగే ఉండు."

అత్త తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. "వదినా, అన్నయ్య చెయ్యి వణుకుతోంది" అంది. అమ్మ పొయ్యి ముందు నుంచి ఇటు తిరగలేదు. "తెలుసు. గ్లాసు ఎడం చేత్తో పట్టుకుంటున్నారు కదా. ఆయనంతట ఆయన చెప్తారేమోనని చూస్తున్నా" అంది. అప్పుడు స్టవ్ కట్టేసి, అక్కడే పీట మీద కూర్చుండిపోయింది.

డాక్టర్ పార్కిన్సన్స్ అన్నాడు. తగ్గేది కాదు, నెమ్మదిగా ముదురుతుంది, మందులతో కొంతకాలం అదుపులో పెట్టుకోవచ్చు అన్నాడు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు నాన్న అత్త వైపు తిరిగి, "చూశావా సుత్తీ, నువ్వు గిటార్‌కి వద్దంటే ఆ పైవాడు కడ్డీ నాకే తగిలించాడు" అన్నాడు. ఆయన నవ్వాడు. మేమెవరం నవ్వలేదు. కాసేపటికి ఆయనా మానేశాడు.

మందులు కొన్నాళ్ళు బాగానే పనిచేశాయి. ఆ తర్వాత వణుకు మళ్ళీ వచ్చింది, ఈసారి పెద్దగా. ఇప్పుడది వినసొంపుగా లేదు. స్వరం అదరడం పోయి చెదరడం మొదలైంది. పాడేవాళ్ళకి శ్రుతి అందేది కాదు. కీబోర్డు ఆయన మెచ్చుకోవడం మానేశాడు. ఏమీ అనలేక, ఇంటికొస్తే నాతో పెళ్ళి సంబంధాల గురించీ వాతావరణం గురించీ మాట్లాడి వెళ్ళిపోయేవాడు.

ఒక ఆదివారం నాన్న ఎర్ర గిటార్‌ని తెచ్చి అత్త బల్ల మీద పెట్టాడు. "బిగించెయ్యి" అన్నాడు.

అది పెద్ద పనేమీ కాదు. వెనక గుంటలో స్ప్రింగుల దగ్గర కొలతకి చెక్క ముక్క ఒకటి కొడితే బ్రిడ్జి ఇంక కదలదు. టీ ఆరేలోపు అయిపోతుందని ఎన్నోసార్లు ఆమే చెప్పింది. ఆ ఒక్క మాట ఆయన నోట వినాలని ఇరవయ్యేళ్ళుగా ఎదురుచూసింది. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చెయ్యను."

"నువ్వేగా ఇన్నాళ్ళూ ప్రాణం తీశావు, బిగిస్తా బిగిస్తా అని?"

"నువ్వు వద్దంటావని కదా అన్నయ్యా అన్నాను."

అంటూనే ఆమె ఏడ్చేసింది. మా అత్త ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. ప్రెస్సాయన్ని వదిలి వచ్చిన రోజు కూడా ఏడవలేదు. నాన్న ఏం చెయ్యాలో తెలియక గిటార్ తీగల మీద దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు.

"దీన్ని ముట్టుకోను. ఇది నీకు నచ్చినట్టే ఉండనీ. నీకు వేరేది చేస్తా" అంది కాసేపటికి.

మిగతా పనులన్నీ పక్కన పెట్టి దాన్ని చేసింది. గోధుమరంగు కాగితం మీద నాన్న చెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీసింది. గీత వంకరటింకరగా వచ్చింది. ఇంకో కాగితం తీసింది. అదీ అంతే. చివరికి ఆమె తన ఎడం చేత్తో ఆయన చేతిని అదిమిపట్టి, కుడి చేత్తో గీసింది. బ్రిడ్జిని మామూలు కంటే పొడవైన మరలతో చెక్కలోకి దించి బిగించింది. దాని పక్క నుంచి గిటార్ అంచు దాకా చెక్కతోనే ఒక మెత్తటి గట్టు తీసింది, అరచెయ్యీ మణికట్టూ రెండూ పూర్తిగా వాలిపోయేలా. ఆ గట్టుని గరుకు కాగితంతో రుద్దుతూ మధ్యమధ్య నాన్నని పిలిచి చెయ్యి ఆనించమనేది, మళ్ళీ రుద్దేది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని వెక్కిరిస్తూ ఉండేవాడు. "ఇది గిటార్‌లా లేదే. పడక కుర్చీలా ఉంది."

"వాలడానికేగా."

"తలగడ కూడా పెట్టు మరి."

తీగలెక్కించిన రోజు నాన్న చెయ్యి ఆ గట్టు మీద పూర్తి బరువుతో వాల్చి, ఒక పాట వాయించాడు. చెయ్యి వణుకుతూనే ఉంది, మాకు కనిపిస్తోంది. కానీ ఆ వణుకు ఎక్కడా వినపడలేదు. ప్రతి స్వరమూ నిలకడగా నిలబడింది. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, గరిటె పట్టుకునే వింటూ ఉండిపోయింది. పాటయ్యాక నాన్న, "బాగుంది సుత్తీ. చాలా బాగుంది" అన్నాడు. ఆపైన తనలో తను అనుకుంటున్నట్టు, "ఊగట్లేదు, అంతే" అన్నాడు.

అత్త ఆ మాట విననట్టే తీగల కొసలు కత్తిరించింది.

ఆ గిటార్‌తో ఆయన మళ్ళీ బృందంలో వాయించాడు, కుర్చీలో కూర్చుని. కొంతకాలమే. వణుకుని చెక్క ఆపగలిగింది గానీ, వేళ్ళు మందగించడాన్ని ఏ చెక్క ఆపుతుంది? ఎవరూ పొమ్మనకముందే తనే తప్పుకున్నాడు. ఆయన స్థానంలో ఒక అమ్మాయి వచ్చింది. నెమ్మదస్తురాలు, బాగా వాయిస్తుంది. నాన్న ఆమెని ఇంటికి పిలిచి, ఎర్ర గిటార్ చేతిలో పెట్టి, కడ్డీ ఎలా నొక్కాలో దగ్గరుండి చూపించాడు. "గట్టిగా కాదమ్మా. పాపాయిని ఊపినట్టు. అదీ." ఆ అమ్మాయి వద్దు సార్, వద్దు సార్ అంటూనే తీసుకుంది. వీధి మలుపు తిరిగేదాకా నాన్న గేటు దగ్గరే ఉన్నాడు.

తర్వాత్తర్వాత ఆయన కుడి చేతిలో మీటే బిళ్ళ కూడా నిలవడం మానేసింది. ఎడం చెయ్యి మాత్రం ఇంకా చెప్పినట్టు వినేది. రోజూ సాయంత్రం గిటార్ ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేతి వేళ్ళతో తీగల్ని నొక్కుతూ, మీటకుండానే పాటంతా నడిపేవాడు. చప్పుడు లేని ఆ పాట చూడలేక అమ్మ టీవీ పెట్టేసేది.

మా అత్తకి గిటార్ చెయ్యడం వచ్చుగానీ వాయించడం రాదు. శ్రుతి చెయ్యగలదు, అంతే. ఒక సాయంత్రం ఆమె చేతులు కడుక్కుని వచ్చి, టీవీ కట్టేసి, నాన్న వెనక స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన భుజం మీదుగా కుడి చెయ్యి ముందుకి చాపి తీగల మీద పెట్టింది.

"చెప్పు. ఎలా మీటాలి?"

నాన్న ఎడం చేతి వేళ్ళు తీగల మీద సర్దుకున్నాడు. తర్వాత, "కిందికి, కిందికి, పైకి. కిందికి, కిందికి, పైకి. అబ్బా, చిత్రిక పట్టినట్టు కాదే! మెల్లిగా!" అన్నాడు.

అలా నేర్చుకుంది. ఆయన ఎడం చెయ్యి, ఆమె కుడి చెయ్యి. మొదట్లో అది పాటలా ఉండేది కాదు, ఇద్దరు ఒకే తలుపులోంచి ఒకేసారి దూరుతున్నట్టు ఉండేది. తర్వాత కుదిరింది. ఆయనకి పాతికేళ్ళుగా వచ్చిన పాటలన్నీ ఒక్కొక్కటే ఆమె కుడి చేతికి వచ్చాయి. వాటిల్లో కొన్నిటికి అమ్మ బియ్యం ఏరుకుంటూ గొంతు కలిపేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వీధి చివరికే వినపడేది.

"తొందర పడుతున్నావే" అన్నాడు నాన్న ఒకరోజు.

"నేనేం తొందర పడట్లేదు. నీ వేళ్ళే ఆలస్యమవుతున్నాయి."

అనేశాక గానీ ఏమందో ఆమెకి తెలియలేదు. చెయ్యి తీగల మీద అలాగే ఆగిపోయింది. నాన్న తల వంచుకుని తన ఎడం చేతిని చూసుకున్నాడు. "నిజమే. ఇదీ మొదలెట్టింది" అన్నాడు. "సరే, నువ్వు కాస్త ఆగుతూ వాయించు. నేను వచ్చి కలుస్తాను."

ఆమె ఆగుతూ వాయించింది. వారం వారానికీ ఇంకాస్త ఎక్కువ ఆగాల్సి వచ్చేది. చివరికి ఆమె ఎంతసేపు ఆగినా ఆయన వచ్చి కలవలేకపోయాడు. ఆ రోజు ఆమె గిటార్ తీసి పెట్టెలో పెట్టేసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ పైన ఇంక గిటార్ మాటే లేదు. మింగడం కష్టమైంది. నడవడం కష్టమైంది. వానాకాలంలో ఊపిరితిత్తులకి నెమ్ము చేసి ఆస్పత్రిలో చేర్చాం. ఒక మధ్యాహ్నం నాన్న పోయాడు. అత్త మంచం పక్కన కూర్చుని ఆయన కుడి చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని ఉంది. నర్సు కంటే ముందే ఆమెకి తెలిసింది.

"వదినా, వణుకు ఆగిపోయింది" అంది.

చాలా నెలలు షెడ్డు తలుపు తెరుచుకోలేదు. ఆమె తెల్లవారకముందే లేచి, చెయ్యడానికి ఏమీ లేక, ఇంట్లో వదులైన తలుపు గడియలన్నీ బిగించింది. అల్మరా బందులు బిగించింది. కుర్చీల కాళ్ళు బిగించింది. బిగించడానికి ఇంక ఏదీ మిగలని రోజున అమ్మ ఆమె ముందు నిలబడి, "నువ్వు ఆ షెడ్డు తియ్యకపోతే నా డబ్బాలన్నీ మళ్ళీ అందులో పెట్టేసుకుంటాను, చెప్తున్నా" అంది. కళ్ళు తుడుచుకుంటూనే అంది. అత్త తాళంచెవి అందుకుంది.

మళ్ళీ గిటార్లు చేసింది. వాటిల్లో మొదటిది కొన్న మనిషి పది రోజులకే తిరిగి తెచ్చాడు. మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో పైవాటి దగ్గర నొక్కితే తీగ బరబరమంటోందన్నాడు. ఆమె చేసిన గిటార్ వెనక్కి రావడం అంతకుముందు ఎన్నడూ లేదు. అతను వెళ్ళాక అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు చెప్పింది నాతో. ఏ గిటారైనా నాన్న వాయించి చూడందే షెడ్డు దాటేది కాదట. అందుకే ఎప్పుడూ ఏదీ వెనక్కి రాలేదట.

"ఊరికే చూసేవాడు కాదు. ఏదో ఒక వంక పెట్టేవాడు. ఇక్కడ గురక పెడుతోందనేవాడు. మెడ లావన్నాడొకసారి. ఈ నల్లరంగేంటే, శవపేటికలా ఉందన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ మళ్ళీ విప్పి చేసేదాన్ని."

ఆమె అంతసేపు వరసగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

నేను ఎర్ర గిటార్ తీసుకున్న అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. అప్పటి నుంచి శనివారాలు వచ్చి, పూర్తయిన గిటార్లు వాయించి చూస్తుంది. చెవి చాలా మంచిది. మెట్టు మెట్టుకీ ఓపిగ్గా నొక్కి చూస్తుంది. కాకపోతే మర్యాదస్తురాలు. అయ్యాక, "చాలా బాగుందక్కా" అంటుంది. ఇంకోటి ఇస్తే, "ఇది కూడా చాలా బాగుందక్కా" అంటుంది. అత్త తలూపి, టీ ఇచ్చి, గుమ్మం దాకా వెళ్ళి పంపిస్తుంది. లోపలికొచ్చేటప్పుడు ఆమె మొహం చూడాలంటే నాకు కష్టంగా ఉంటుంది.

మొన్న శనివారం కూడా ఆ అమ్మాయి ఒక గిటార్‌ని అంతా వాయించి చూసి, "ఎక్కడా వంక పెట్టడానికి లేదక్కా" అంది.

"ఏదో ఒకటి పెట్టమ్మా" అంది అత్త.

ఆ అమ్మాయి నవ్వబోయి, అత్త మొహం చూసి ఆగిపోయింది. నా వైపు చూసింది. నేనేం చెప్పగలను? మళ్ళీ గిటార్ ఒళ్ళోకి తీసుకుని, తీగ తీగా మీటుతూ చాలాసేపు వెతికింది.

"ఈ మూడో తీగ... కొంచెం ఎత్తుగా ఉందేమో అక్కా."

"ఉందా?" అంది అత్త. కళ్ళజోడు పెట్టుకుంది. సన్న స్క్రూడ్రైవర్ వెతుక్కుని, దీపం దగ్గరికి లాక్కుని, బ్రిడ్జి మీద ఆ తీగ కింది మరని కాస్త దించింది. మీటి విన్నది. మళ్ళీ ముందున్నంత ఎత్తుకే లేపింది.

"ఇప్పుడు చూడు" అని గిటార్ ఆ అమ్మాయి చేతికిచ్చింది.